జనాన్ని ‘పట్టుకునే’ కెమెరా
పేదరికాన్ని సరుకు చేసే చిత్రాలపై కొలంబియా కుర్రకారు సంధించిన వ్యంగ్యాస్త్రం

కొలంబియా దేశంలోని కాలీ నగరం. ఒక చర్చి ముందు బిచ్చగాడు కూర్చుని ఉన్నాడు. చేతిలో డబ్బా. ఎదురుగా కెమెరా పట్టుకుని ఇద్దరు యువకులు నిలుచున్నారు. డబ్బా ఆడించడం ఆపవద్దని దర్శకుడు అతడికి చెబుతాడు. చిల్లర గలగలలు చక్కగా రికార్డు కావాలన్నది అతడి తాపత్రయం. పని పూర్తికాగానే ఇద్దరూ టాక్సీ ఎక్కేస్తారు. దారిలో లెక్క చూసుకుంటారు. బిచ్చగాళ్లు దొరికారు, పిచ్చివాళ్లు దొరికారు, వీధి బాలలు దొరికారు, ఇంకా ఏ రకం దైన్యం మిగిలింది? కిరాణా దుకాణానికి వెళ్లేవారు సరుకుల చీటీ చదువుకుంటున్నట్లుగా సాగుతుందా సంభాషణ.

1977లో తీసిన ‘అగర్రాందో ప్వెబ్లో’ అనే 28 నిమిషాల లఘుచిత్రం ఇలా మొదలవుతుంది. దీని దర్శకులు లూయిస్ ఓస్పినా, కార్లోస్ మయోలో. అప్పటికి ఒకరి వయస్సు 28 ఏళ్లు, మరొకరిది 32. ఆంగ్లంలో ఈ చిత్రం ‘పేదరికపు రక్తపిశాచులు’ అనే అర్థం వచ్చే పేరుతో ప్రసిద్ధి పొందింది. స్పానిష్ మూలంలోని పేరుకు మాటకు మాటగా అర్థం చెబితే ‘జనాన్ని పట్టుకోవడం’ అవుతుంది. కాలీ వీధుల్లో మాత్రం ఆ మాటకు జనాన్ని బురిడీ కొట్టించడం అన్న అర్థమే వాడుకలో ఉంది. డాక్యుమెంటరీ తీసేవారి నీతిపై అధ్యాపకులు పాఠం చెప్పేటప్పుడు నేటికీ ముందుగా తలచుకునే చిత్రాల్లో ఇదొకటి.

దక్షిణ అమెరికాలో దాదాపు అర్ధశతాబ్దం కిందట తీసిన ఈ చిత్రంతో మన జిల్లాల పాఠకుడికి పనేమిటన్న సందేహం రావడం సహజమే. కరువు మండలానికో, వరద ముంచిన లంక గ్రామానికో కెమెరాలు వచ్చినప్పుడు అక్కడ నిలబడి చూసినవారికి ఆ సందేహం ఎక్కువసేపు నిలవదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు మైకు పెట్టి ‘ఎలా అనిపిస్తోంది’ అని అడగడం మనం ఎరగనిది కాదు.

రెండు రంగులు, రెండు నిజాలు

చిత్ర కథ ఇది. జర్మనీ టెలివిజన్ కోసం ‘భవిష్యత్తు ఎవరికి?’ అనే డాక్యుమెంటరీ తీయడానికి ఒక బృందం బయలుదేరుతుంది. దర్శకుడి పాత్రను మయోలోయే ధరించాడు. ఆ బృందం తీస్తున్న డాక్యుమెంటరీ దృశ్యాలు తెరపై రంగుల్లో కనిపిస్తాయి. వాటిని తీస్తున్నప్పుడు బృందం చేసే నిర్వాకమంతా నలుపు తెలుపుల్లో, మరో కెమెరా కంటితో కనిపిస్తుంది. ఈ ఏర్పాటు చాలా సులువైనది, అంతే పదునైనది. రంగుల దృశ్యంలో దీనుడైన బిచ్చగాడు ఉంటాడు. నలుపు తెలుపు దృశ్యంలో అతడికి ఆదేశాలిస్తున్న దర్శకుడు ఉంటాడు. రెండూ పక్కపక్కనే ఉండటంతో టీవీ తెరపై మనం చూసే ‘వాస్తవం’ ఎలా తయారవుతుందో ప్రేక్షకుడికి తేటతెల్లమవుతుంది.

బృందం రాజధాని బొగోటాకు కూడా వెళుతుంది. అక్కడ ఒక ఫౌంటెన్ నీళ్లలో నాణేలు విసిరి, వీధి పిల్లలను బట్టలు విప్పి దూకమంటారు. పిల్లలు దూకుతారు, కెమెరా తిరుగుతుంది. చుట్టూ చేరిన జనంలో కొందరు అడ్డుతగిలి, పిల్లలను ఇలా వాడుకోవడమేమిటని నిలదీస్తారు. తరువాత హోటల్ గదిలో మర్నాటి సన్నివేశానికి సన్నాహాలు జరుగుతాయి. పేద కుటుంబంగా నటించేందుకు కుదుర్చుకున్నవారికి ఏ బట్టలు తొడగాలి, వ్యాఖ్యాత ఏ మాటలు పలకాలి అన్న చర్చ సాగుతుంది. నిరక్షరాస్యత, ఆకలి, అభివృద్ధి ఫలాలు అందని వర్గాలు అంటూ ఆ వ్యాఖ్యానం నిండా బరువైన మాటలే. వాటిలో తప్పు మాటంటూ ఒక్కటీ లేదు. అయినా వింటుంటే నవ్వు వస్తుంది. వ్యంగ్యం అసలు దెబ్బ అక్కడే తగులుతుంది.

ఉద్యమాల నగరం

ఈ చిత్రం శూన్యంలోంచి ఊడిపడలేదు. 1971లో కొలంబియా విశ్వవిద్యాలయాలు అట్టుడికిపోయాయి. విశ్వవిద్యాలయాల పాలక మండళ్లలో చర్చికి, వ్యాపార వర్గాలకు స్థానమెందుకని విద్యార్థులు ప్రశ్నించారు. అమెరికా సంస్థల నిధులు బోధనను శాసిస్తున్నాయని ఆరోపించారు. పాలనలో అధ్యాపకులకు, విద్యార్థులకు భాగం కావాలన్నారు. కాలీలోని దెల్ వాయే విశ్వవిద్యాలయం ఈ ఉద్యమానికి ఆయువుపట్టు. ఆ ఏడాది ఫిబ్రవరి 26న అక్కడ సైన్యం, పోలీసులు రంగంలోకి దిగారు. కాల్పుల్లో విద్యార్థులు, పౌరులు ప్రాణాలు కోల్పోయారు. మృతుల సంఖ్యపై వాదోపవాదాలు నేటికీ తెగలేదు. అదే రోజు ప్రభుత్వం దేశమంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఏడాది చివరికి రెండు పెద్ద విశ్వవిద్యాలయాల్లో సహపాలన డిమాండు నెగ్గినా, అది కొద్దికాలమే నిలిచింది.

కాల్పులు జరిగిన అయిదు నెలలకే అదే కాలీ నగరం పాన్ అమెరికన్ క్రీడలకు ముస్తాబైంది. జులై 30 నుంచి ఆగస్టు 13 వరకు క్రీడలు జరిగాయి. విశ్వవిద్యాలయం కొత్త ప్రాంగణం క్రీడాకారుల విడిదిగా మారింది. ప్రభుత్వం తరఫున అధికారిక చిత్రం ఒకటి తయారైంది. ఓస్పినా, మయోలోలకు మైదానంలోకి ప్రవేశం దొరకలేదు. వారు కంచె బయటే నిలబడ్డారు. టిక్కెట్టు కొనలేక చెట్టుకొమ్మలు, గోడలు ఎక్కి తొంగిచూస్తున్న జనాన్ని, మురికివాడలను తమ కెమెరాకెక్కించారు. అదే ‘ఓయ్గా బేయా’. వినండి, చూడండి అని ఆ పేరుకు అర్థం. అధికారులు తలుపు మూసినందువల్ల వారికి మేలే జరిగింది. లోపలికి వెళ్లి ఉంటే పతకాలు, జెండాలు తప్ప మరేమీ దొరికేవి కావు.

ఆ కాలంలోనే ఆంద్రెస్ కైసేదో అనే యువ రచయిత కాలీలో సినీ క్లబ్బు నెలకొల్పాడు. శనివారం మధ్యాహ్నం ఒక థియేటరులో చిత్రం చూడటం, ఆపై గంటలకొద్దీ వాదించుకోవడం అక్కడి విద్యార్థులకు అలవాటైంది. ‘ఓహో అల్ సినే’ అనే పత్రిక కూడా వెలువడింది. ఊరేగింపుల్లో నినాదాలిచ్చిన కుర్రవాళ్లే ఈ క్లబ్బులో కూర్చుని, తమ పక్షాన తీసినట్లు చెప్పుకునే చిత్రాలను సైతం చీల్చి చెండాడారు. ‘అగర్రాందో ప్వెబ్లో’లోని కసి ఈ అలవాటు నుంచి వచ్చిందే. ప్రత్యర్థులను వెక్కిరించడం విద్యార్థి రాజకీయాల్లో నిత్యకృత్యం. తమవారిని వెక్కిరించేందుకే గుండె నిబ్బరం కావాలి.

టిక్కెట్టుపై అదనం, దైన్యానికి గిరాకీ

చిత్రానికి తక్షణ కారణం మాత్రం ఆర్థికమైనది. 1972 నుంచి కొలంబియాలో ఒక పథకం అమలులోకి వచ్చింది. పెద్ద చిత్రానికి ముందు దేశీయ లఘుచిత్రం ప్రదర్శిస్తే, టిక్కెట్టు ధరపై కొంత అదనంగా వసూలు చేసుకోవచ్చు. ఆ అదనపు సొమ్ములో నిర్మాతకూ వాటా వస్తుంది. దేశీయ సినిమాను నిలబెట్టాలన్నదే పథకం ఉద్దేశం. మంచి ఆలోచనే. కానీ డబ్బు వస్తుందని తెలిశాక చిత్రాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి.

పది నిమిషాల చిత్రం చౌకగా తీయాలంటే ఏం కావాలి? తారలు అక్కరలేదు, సెట్లు అక్కరలేదు. వీధిలోకి వెళితే వీధి బాలలు ఉచితంగా దొరుకుతారు. వెనుక ఒక గంభీర కంఠంతో నాలుగు గణాంకాలు చదివిస్తే చాలు, అది ‘సామాజిక చిత్రం’ అవుతుంది. ఆ పైన ఐరోపా చిత్రోత్సవాలు, అక్కడి టీవీ సంస్థలు ఉండనే ఉన్నాయి. లాటిన్ అమెరికా నుంచి వారికి దైన్యమే కావలసి వచ్చింది. కొనేవాడు సిద్ధంగా ఉన్నప్పుడు అమ్మేవాడు రాకుండా ఉంటాడా?

ఈ ధోరణికి ఓస్పినా, మయోలోలు ‘పోర్నోమిసేరియా’ అని పేరు పెట్టారు. అశ్లీల చిత్రం దేహాన్ని ఎలా సరుకు చేస్తుందో, ఈ చిత్రాలు దైన్యాన్ని అలా సరుకు చేస్తున్నాయని వారి భావం. 1978లో పారిస్‌లో చిత్రం విడుదలైన సందర్భంగా దీనిపై ఒక ప్రకటన పత్రం రాశారు. చూసినవాడు కాసేపు చలించి, తన మనస్సాక్షి శుభ్రమైందనుకుని, నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోయేందుకే ఈ చిత్రాలు ఉపయోగపడుతున్నాయన్నది ఆ పత్రం సారాంశం. తమ చిత్రం ఆ రోగానికి విరుగుడని వారు చెప్పుకున్నారు. విచిత్రమేమిటంటే, జర్మన్ టీవీ కోసం దైన్యాన్ని వేటాడే బృందాన్ని ఎగతాళి చేసిన ఈ చిత్రానికి జర్మనీలోని ఓబర్‌హౌజెన్ లఘుచిత్రోత్సవంలోనూ గుర్తింపు లభించింది.

ఇంటివాడు వచ్చాడు

చివరి ఘట్టమే చిత్రానికి ప్రాణం. ఊరి అంచున ఒక పాడుబడ్డ ఇల్లు. కిరాయికి తెచ్చిన ‘పేద కుటుంబం’ గుమ్మం ముందు నిలబడి ఉంటుంది. వ్యాఖ్యాత మైకు పట్టుకుని ఉపన్యాసం అందుకుంటాడు. అంతలో ఇంటి యజమాని ఊడిపడతాడు. చింపిరి జుట్టు, చిరుగుల బట్టలు, నోటినిండా తిట్లు. జనాన్ని పట్టుకుంటున్నారన్నమాట అంటూ చిత్రం పేరునే వారి మొహాన కొడతాడు. బృందం కంగారుపడి అతడి చేతిలో నోట్లు పెడుతుంది. అతడు ఆ నోట్లతో ఏం చేశాడన్నది పత్రికలో రాయడం కాస్త ఇబ్బందే. పిరుదులు తుడుచుకున్నాడు. ఆపై పొడవాటి కత్తి పుచ్చుకుని వెంటపడ్డాడు. బృందం కాలికి బుద్ధిచెప్పింది. వారు వదిలిపోయిన ఫిల్మును చుట్టలు చుట్టలుగా బయటకు లాగి, వెలుతురు తగలనిచ్చి పాడుచేశాడు.

ప్రేక్షకుడు చప్పట్లు కొట్టబోతున్న ఆ క్షణంలో అతడు కెమెరా వైపు తిరిగి, బాగానే వచ్చిందా అని అడుగుతాడు. ఇదంతా ముందుగా అనుకున్న సన్నివేశమేనని అప్పుడు తెలుస్తుంది. అతడి పేరు లూయిస్ అల్ఫోన్సో లోండోన్యో. వృత్తి నటుడు కాడు, ‘ఓయ్గా బేయా’ తీసే రోజుల్లో పరిచయమైన కాలీవాసి. ఆ తరువాత దర్శకులిద్దరూ అతడి పక్కన కూర్చుని, ఇలా వచ్చి తీసుకుపోయేవారి గురించి, ఈ చిత్రం గురించి అతడేమనుకుంటున్నాడో అడుగుతారు. అంతవరకు తెరమీద కనిపించిన పేదల్లో ఎవరినీ ఎవరూ అలా అడగలేదు.

వేలెత్తినవారి వైపూ ఒక వేలు

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట అనక తప్పదు. చర్చి ముందు బిచ్చగాడు, బొగోటా ఫౌంటెన్‌లో దూకిన పిల్లలు నిజమైన మనుషులు. ఇదంతా వ్యంగ్య చిత్రంలో భాగమని ఆ పిల్లలకేం తెలుసు? నాణేల కోసం దూకిన ఆ దేహాలను కల్పిత దర్శకుడు వాడుకున్నట్లే అసలు దర్శకులూ వాడుకున్నారు. దోపిడీని చూపించేందుకు దోపిడీ దృశ్యాన్ని మళ్లీ సృష్టించడం న్యాయమేనా అన్న ప్రశ్న ఈ చిత్రాన్ని నేటికీ వెంటాడుతోంది. వ్యంగ్యం అన్న మాట ఒక్కటే దానికి సమాధానం కాజాలదు. లోండోన్యోకు దక్కిన కుర్చీ, మాట ఆ పిల్లలకు దక్కలేదు. ఈ లోపాన్ని చిత్రం దాచుకోలేదు. ఫౌంటెన్ వద్ద జనం వేసిన నిష్ఠూరాలను కత్తిరించకుండా ఉంచింది. అయినా లోపం లోపమే.

మరో దారి లేదా అంటే, ఉంది. అదే కొలంబియాలో అంతకు ముందే ఒక జంట ఆ దారిలో నడిచింది. మార్తా రోద్రీగెస్ జాతీయ విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్ర విద్యార్థిని. అక్కడ బోధించిన క్రైస్తవ పూజారి కమీలో తోరెస్ విద్యార్థులను బొగోటా శివారు బస్తీలకు తీసుకువెళ్లేవాడు. ఆయన తరువాత గెరిల్లా దళంలో చేరి 1966 ఫిబ్రవరిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ బస్తీలో ఇటుకలు చేసే కుటుంబాల పిల్లలకు మార్తా చదువు చెప్పింది. ఆపై పారిస్ వెళ్లి ఝాన్ రూష్ వద్ద డాక్యుమెంటరీ విద్య నేర్చుకుని తిరిగివచ్చింది. ఛాయాగ్రాహకుడు హోర్హే సిల్వాతో కలిసి ‘చిర్కాలెస్’ మొదలుపెట్టింది. 1966లో ఆరంభమైన ఆ పని పూర్తయ్యేసరికి అయిదేళ్లకు పైగా పట్టింది. ఒకే కుటుంబం, ఒకే బట్టీ. తీసిన భాగాలను కార్మికులకే చూపించి, వారి మాట విని దిద్దుకున్నారు. 42 నిమిషాల ఆ చిత్రం 1972లో లైప్‌జిగ్ చిత్రోత్సవంలో బహుమతి అందుకుంది.

బలాంగీర్ ప్రాంతం నుంచి ఏటా తెలంగాణ ఇటుక బట్టీలకు వలస వచ్చే ఒడిశా కుటుంబాలను చూసినవారికి ఆ చిత్రంలో కొత్తగా అనిపించేది తక్కువ. వీపున ఇటుకలు మోసే పిల్లలు ఉన్నారక్కడ. కెమెరా మాత్రం తొందరపడదు.

మన ఇంటి ముచ్చట

ఈ తగవు భారతీయులకు కొత్త కాదు. ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ తీసిన భారత డాక్యుమెంటరీలను బీబీసీ ప్రసారం చేసినందుకు 1970లో మన ప్రభుత్వం ఆ సంస్థను దేశం నుంచి పంపివేసింది. 1980లో రాజ్యసభ సభ్యురాలు, నటి నర్గీస్ దత్ సత్యజిత్ రాయ్‌పై విరుచుకుపడ్డారు. దేశ దారిద్ర్యాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నారన్నది ఆమె ఆరోపణ. ఈ రెండు సందర్భాల్లోనూ చర్చ దేశం పరువు చుట్టూ తిరిగింది. తెరమీద కనిపించిన మనిషి పరువు ఊసు పెద్దగా రాలేదు. కొలంబియా కుర్రవాళ్లు అడిగింది ఆ రెండో ప్రశ్న. పేదరికాన్ని చూపవద్దని వారు అనలేదు, చూపినవాడు ఎవరి అనుమతితో చూపాడు, దానివల్ల ఎవరికి లాభించింది అని అడిగారు.

ఈ విషయంలో తెలుగువారికి సంబంధించిన ఒక ముచ్చట ఉంది. సరిగ్గా అదే 1977లో మృణాల్ సేన్ తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశారు. ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ ఆధారంగా తెలంగాణ పల్లె నేపథ్యంలో ఆ చిత్రం రూపొందింది. మూడేళ్ల తరువాత ఆయనే బెంగాలీలో ‘అకాలేర్ సంధానే’ తీశారు. 1943 నాటి బెంగాల్ కరువుపై సినిమా తీసేందుకు 1980లో ఒక బృందం పల్లెకు వెళుతుంది. కరువును వెతుక్కుంటూ ఇంతదూరం రావడమెందుకని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేస్తారు. బియ్యం, కూరగాయల ధరలు బృందం రాకతోనే పెరుగుతాయి. వేశ్యగా మారిన స్త్రీ పాత్రకు ఊరి ఆడపిల్లలను అడగటంతో పల్లె ఎదురుతిరుగుతుంది. చివరికి బృందం మూటాముల్లె సర్దుకుంటుంది. పల్లెలను తెరకెక్కించి పేరు తెచ్చుకున్న దర్శకుడు తన వృత్తినే బోనులో నిలబెట్టుకున్న సందర్భమది. దానికి 1981 బెర్లిన్ చిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి పురస్కారం దక్కింది.

చేతిలో ఫోను, ఎదుట మనిషి

ఓస్పినా కాలంలో ఫిల్ము చుట్ట ఖరీదైనది. తీయాలంటే బృందం కావాలి. నేడు డిగ్రీ కళాశాల విద్యార్థి జేబులోని ఫోనుతోనే లఘుచిత్రం పూర్తవుతోంది. వసతి గృహంలో అన్నం బాగాలేదన్నా, బకాయిపడ్డ ఉపకార వేతనాల కోసం ధర్నా జరిగినా వెంటనే వీడియో సిద్ధం. వాటిలో చాలా వాటి వల్ల మేలు జరిగిందన్నది కాదనలేని సత్యం. కానీ ఖాళీ పళ్లెంతో ఏడుస్తున్న పిల్లవాడి ముఖం నాయకుడి ప్రసంగానికి నేపథ్యంగా మారితే, ఆ ముఖం మర్నాడు ఊరంతా తిరుగుతుంది. వార్డెను ముందు రోజూ నిలబడవలసింది ఆ పిల్లవాడే, నాయకుడు కాదు.

చట్టం ఈ విషయంలో కొంత స్పష్టంగానే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన బాలల పేరు, చిరునామా, పాఠశాల, ఫొటో వంటి గుర్తింపు వివరాలను ఏ మాధ్యమంలోనూ వెల్లడించరాదు. వీధిలో బతికే పిల్లలు, బిచ్చమెత్తుతూ కనిపించే పిల్లలు ఈ నిర్వచనంలోకే వస్తారు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైంగిక దాడికి గురైన పిల్లల గుర్తింపును బయటపెట్టరాదని 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ఈ లెక్కన ‘అగర్రాందో ప్వెబ్లో’లోని ఫౌంటెన్ దృశ్యాన్ని నేడు ఇక్కడ తీసి ప్రదర్శిస్తే దర్శకులు న్యాయస్థానం మెట్లెక్కక తప్పదు.

పెద్దల విషయంలో చట్టం ఇంత గట్టిగా అడ్డుపడదు. అక్కడ అనుమతి అన్న మాటే కీలకం. ఆకలితో ఉన్నవాడి చేతిలో వంద నోటు పెట్టి తల ఊపించుకుంటే అది అనుమతి అవుతుందా? లోండోన్యో పాత్ర నోట్లకు పట్టించిన గతి ఆ ప్రశ్నకు చిత్రం ఇచ్చిన జవాబు. ఆ చిత్రం తరువాత కూడా దైన్యాన్ని అమ్మే చిత్రాలు ఆగలేదు, బహుమతులూ ఆగలేదు.

మయోలో 2007 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అదే ఏడాది ఓస్పినా ‘కాగితపు పులి’ అనే పూర్తి నిడివి చిత్రంతో మళ్లీ అదే ఆటకు దిగాడు. ఉద్యమాల కాలంలో తిరిగి, 1981లో మాయమైపోయిన ఒక వామపక్ష చిత్రకారుడి జీవితకథ అది. ఆనాటి రాజకీయాల్లో నిజంగా తిరిగిన పెద్దలే కెమెరా ముందు కూర్చుని అతడి గురించి ఎంతో నమ్మకంగా సాక్ష్యం చెబుతారు. అలాంటి చిత్రకారుడు అసలు పుట్టనేలేదు. ఓస్పినా 2019 సెప్టెంబరు 27న బొగోటాలో మరణించాడు.